లోపల మావాడున్నాడు

"లోపల మావాడున్నాడండీ, సాయంత్రానికల్లా చేసిచ్చేస్తాడు" అని మా ఆయన కౌంటర్ దగ్గర కస్టమరుతో అంటున్న సమయానికి, ఆ మావాడు తెర వెనక ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆ చేత్తో ఫోన్ ముట్టుకుంటే డిస్‌ప్లే మీద మరకలు పడతాయి కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు, పొయ్యి సిమ్‌లో పెట్టాడు, స్టూలు లాక్కుని టేబుల్ ముందు కూర్చున్నాడు. మావాడంటే ఇంకెవరో కాదు, నేనే.

ముందు షాపు, వెనక ఇల్లు. మధ్యలో నేను పనిచేసే చోటుని అందరూ గది అంటారు గానీ అది గది కాదు, దారి. షాపులోంచి వంటింట్లోకి వెళ్ళాలన్నా, బాత్రూముకి వెళ్ళాలన్నా, పెరట్లో బట్టలు తీసుకురావాలన్నా నా వీపు రాసుకునే వెళ్ళాలి. షాపు వైపు తెర ఉంది. అది నన్ను కస్టమర్లు చూడకుండా. ఇంట్లోవాళ్ళు చూడకుండా నాకో తెర కుట్టించాలని ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. ఇక వంటింట్లో ఎడమవైపు సొరుగొకటి ఉంది, చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. కాస్త పైకెత్తి గట్టిగా లాగితేనే వస్తుంది. ఆ కిటుకు నాకొక్కదానికే పట్టుబడింది కాబట్టి కత్తెర కావాలన్నా, సూదీ దారం కావాలన్నా చేతిలో పని వదిలి నేనే లేవాలి. "ఊళ్ళో ఫోన్లన్నీ బాగుచేస్తావు, ఇంట్లో సొరుగు బాగుచెయ్యలేవా" అనేది మా ఆయన జోకు. ఎన్నిసార్లు వేసినా ఆయనకది కొత్తగానే ఉంటుంది.

మా పెళ్ళైన కొత్తలో మా ఆయన కవర్లూ చార్జర్లూ అమ్మేవాడు. రిపేర్లకి వేరే మనిషి ఉండేవాడు. అతను సొంతంగా షాపు పెట్టుకుని వెళ్ళిపోతే, జనం ఇచ్చిన ఫోన్లు డబ్బాలో అలాగే మిగిలిపోయాయి. ఏమీ తోచక ఒకదాని మూత తీసి చూశాను. లోపలంతా చక్కగా సర్దిన అలమరలా ఉంది. దేని చోట అది. ఏది చోటు తప్పిందో చూడగానే తెలిసిపోయింది. అలా ఒకటి చేశాను, ఇంకోటి చేశాను. ఒకరోజు కౌంటర్ దగ్గరే కూర్చుని చేస్తుంటే ఒకాయన వచ్చి, "ఏంటీ, మీ ఆవిడ చేత చేయిస్తున్నారా? వద్దులెండి, ఇంకెక్కడన్నా చూపించుకుంటా" అని, అప్పటికే బాగైపోయిన ఫోన్ని పట్టుకుపోయాడు. ఆ సాయంత్రమే తెర వెలిసింది. "కొన్నాళ్ళు లోపల కూర్చుని చెయ్యి. జనం మెల్లగా అలవాటు పడతారు" అన్నాడు మా ఆయన. జనం అలవాటు పడ్డారు, మావాడికి.

మావాడికి మంచి పేరుంది. "మావాడి చెయ్యి పడితే చచ్చిన ఫోన్ లేచి కూర్చుంటుంది" అని కౌంటర్ దగ్గర మా ఆయన చెప్తుంటే నాకు తెర వెనక వినపడుతుంది. తెర తీసి లోపలికి వచ్చాక నాతో అనేది మాత్రం ఒకటే మాట, "ఇంకా అవలేదా?" నిజం చెప్పొద్దూ, మావాడంటే నాకు కాస్త కుళ్ళు. వాడిని మెచ్చుకున్నంతగా నన్నెవరూ మెచ్చుకోలేదు. వాడు ఇంతింత కష్టపడతాడట, నేను మాత్రం "నీకేం, నీడపట్టున కూర్చుని చేసే పని" అనిపించుకోవాలి. వాడికి ఊపిరాడని పని, నేను మాత్రం "మా కోడలు ఇంట్లోనే ఉంటుంది, ఖాళీయే" అని అత్తయ్య పక్కింటావిడతో చెప్పే మనిషిని. ఒకసారి ఎవరో తడిసిపోయిన ఫోన్లోంచి పెళ్ళి ఫొటోలు వెనక్కి తెప్పించినందుకు సంతోషపడి మావాడికి చొక్కా తెచ్చారు. "ఎందుకండీ ఇవన్నీ, వాడు మొహమాటపడతాడు" అంటూ మా ఆయన పుచ్చుకున్నాడు. నీలం గళ్ళ చొక్కా, మంచి గుడ్డ. మా మరిది వేసుకుని, "కొలిచి కుట్టినట్టుంది వదినా!" అని అద్దం ముందు తిరిగాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనేమో. ఆ చొక్కా ఉతకడానికి మాత్రం నా దగ్గరికే వస్తుంది.

ఫోన్లలోనూ మనుషుల్లాగే రకాలున్నాయి. నేను వాటికి పేర్లు పెట్టుకున్నాను. స్క్రూలతో బిగించినది పెద్దమనిషి. ఎక్కడ విప్పాలో అదే చెప్తుంది, మళ్ళీ మూస్తే మూసుకుంటుంది. ముందూ వెనకా అద్దమే ఉండి మధ్యలో జిగురు పూసింది గాజుబొమ్మ. దాన్ని వేడిచేసి, అంచులోకి సన్నటి ప్లాస్టిక్ రేకు దూర్చి, ఊపిరి బిగబట్టి చుట్టూ తిప్పాలి. తొందరపడ్డామా, ఫట్. ఇక మొండిఘటం ఒకటి ఉంటుంది. దాని బ్యాటరీ మార్చాలంటే డిస్‌ప్లే ఊడదియ్యాలి, ఊడదీస్తే డిస్‌ప్లే బతకదు. పాడైతే పారేసి ఇంకోటి కొనుక్కోండి అని మొహాన చెప్పే రకం. దాన్ని తయారుచేసినవాడు జన్మలో ఒక్క గుండీ అయినా తన చేత్తో కుట్టుకుని ఉండడని నా అనుమానం.

ఇదిలా ఉండగా ఒకరోజు వినియోగదారుల సంఘం నుంచి ఒక మేడమ్ షాపుకి వచ్చింది. నేను తెర వెనక నుంచి విన్నాను.

"కొత్త ఫోన్లు రాగానే మేము విప్పి చూస్తామండీ. పాడైతే రిపేరుకి ఎంత వీలుగా ఉంటాయో మార్కులు వేసి అందరికీ చెప్తాం. కొనేవాళ్ళకి ముందే తెలియాలి కదా. ఇన్నాళ్ళూ ఇంజనీర్లే విప్పేవారు. ఇప్పుడు షాపులో రోజూ చేసే చెయ్యి కూడా ఉండాలనుకుంటున్నాం. మా ఇంట్లో ఫోన్ అన్ని షాపులూ కాదన్నాక మీవాడే చేశాడు. అతన్ని పంపిస్తారా?"

"మావాడినా? దానికేముందండీ, తప్పకుండా!"

"బాగా కుదిరితే ఇకమీదట వచ్చే ప్రతి కొత్త ఫోనూ అతని చేతే విప్పిస్తాం."

స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను. నా చేతికి ఎప్పుడూ పగిలినవే వచ్చాయి. నీళ్ళలో పడ్డవి, పిల్లలు విసిరేసినవి, మొగుడూ పెళ్ళాల గొడవలో గోడకి తగిలినవి. అంతకుముందు ఎవరూ ముట్టుకోని ఫోన్, దెబ్బ తగలని ఫోన్, లోపల ఏం సర్దారో చూడాలని విప్పడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. నాకు వెళ్ళాలనిపించింది. ఈ ఇంట్లోకి వచ్చాక దేన్నీ ఇంతగా కోరుకోలేదేమో అనిపించేంతగా అనిపించింది.

ఆ పూట వడ్డిస్తూ అన్నాను, "సంఘానికి నేను వెళ్తానండీ."

మా ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"ఇన్నాళ్ళూ మావాడు మావాడు అని చెప్పి, ఇప్పుడు నిన్ను వెంటబెట్టుకుని వెళ్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? అబద్ధాలకోరు అనరూ?"

"అబద్ధమేగా."

"ఎవరి కోసం ఆడాను? నీ పనికి అడ్డం రాకూడదనేగా! పని నీదే, కాదన్నానా?"

"ఎవరు చేస్తే ఏంటే, పేరు మనింటికేగా" అన్నారు అత్తయ్య.

మరిది పళ్ళెంలోంచి తలెత్తాడు. "దీనికింత రగడెందుకు వదినా! నువ్వు చెవిలో చెప్పు, నేను చేతుల్తో కానిచ్చేస్తా. వీడియో కాల్ పెట్టుకుందాం."

మరిది అప్పటిదాకా ఫోన్ కవరు తప్ప ఏదీ విప్పి ఎరగడు. అయినా ఆ ఉపాయం అందరికీ తెగ నచ్చేసింది. నేను కూడా ఒప్పుకున్నాను. కొత్త ఫోన్ లోపల ఏముందో తెర మీదైనా చూడొచ్చు కదా అని. రోజూ మధ్యాహ్నం అతన్ని కూర్చోబెట్టి పాత ఫోన్ల మీద చెయ్యి తిప్పించాను. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అది అతనిలో ఉన్న మంచి గుణం. అదే కొంప ముంచుతుందని అప్పుడు అనుకోలేదు.

ఒక్కటే అడిగాను వాళ్ళని. "ఆ పని అయ్యేదాకా నన్నెవరూ పిలవకండి."

"అయినా నిన్ను పిలిచేదెవరు?" అన్నాడు మా ఆయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

సంఘానికి వెళ్ళే రోజు మరిది గళ్ళ చొక్కా వేసుకున్నాడు. జేబులోంచి ఫోన్ కెమెరా తొంగిచూసేలా పెట్టుకున్నాడు. చెవిలో ఇయర్‌ఫోన్. "మావాడికి పాటలు వింటేగానీ చెయ్యి ఆడదండీ" అని మా ఆయన అక్కడ చెప్పడం నాకు వినపడింది. పెద్ద హాలు, పొడవాటి టేబుల్, మంచి వెలుతురు. మేడమ్, ఆవిడ పక్కన ఇద్దరు ఇంజనీర్లు, కాస్త అవతల కుర్చీలో మా ఆయన. ఇక్కడ నేను నా స్టూలు మీద, ఫోన్‌ని పాత మదర్‌బోర్డుల డబ్బాకి ఆనించుకుని.

మొదటిది పెద్దమనిషి. "కింద రెండు స్క్రూలు. అవి తీశాక మూత పైకి కాదు, పక్కకి జరుపు" అన్నాను. జరిగింది. ఇంజనీరొకాయన "పక్కకే ఎందుకు?" అనడిగితే, "పైన కొక్కేలుంటాయని చెప్పు, పైకి లాగితే విరుగుతాయి" అన్నాను. "పైన కొక్కేలుంటాయండీ, పైకి లాగితే విరుగుతాయి" అన్నాడు మరిది దర్జాగా. "భలే చెప్పారు" అంది మేడమ్. నా మాట మగ గొంతులో బయటికెళ్ళి మెప్పు తీసుకోవడం మొదటిసారి కళ్ళారా చూశాను. కోపం వస్తుందనుకున్నాను. సంతోషమే వచ్చింది ముందు, బ్యాటరీ కింద జిగురు బదులు లాగితే వచ్చేసే పట్టీ పెట్టారు మరి, అంత ముచ్చటగా ఉంది ఆ ఫోన్. కోపం తర్వాత వచ్చింది, ఆ పట్టీని నా వేళ్ళు లాగడం లేదని.

రెండోది గాజుబొమ్మ. వేడి పెట్టించాను, రేకు దూర్పించాను. మరిది తొందరపడినప్పుడల్లా "మెల్లిగా, కంగారేం లేదు" అన్నాను. డిస్‌ప్లే కొంచెం లేచింది. లోపల ఎడమవైపు సన్నటి రిబ్బన్, డిస్‌ప్లేనీ బోర్డునీ కలిపేది. దాన్ని ఊరికే లాగకూడదు. చివర గోరంత నల్ల గడియ ఉంటుంది, ముందు అది ఎత్తాలి. ఎత్తాక రిబ్బన్ దానంతటదే చేతికొస్తుంది.

"ఆగు. రిబ్బన్ కనపడుతోందా?" అన్నాను.

అప్పుడే వంటింటి వైపు నుంచి అత్తయ్య వచ్చి నా వెనక నిలబడ్డారు. "కత్తెర కనపడట్లేదే. సొరుగులో ఉందా?"

నేను చెయ్యి ఊపాను, తర్వాత అన్నట్టు. ఆవిడ వెళ్ళారు. వంటింట్లో సొరుగు గడగడలాడింది. "రావట్లేదే ఇది! ఎడమదేనా?"

అదే క్షణంలో చెవిలో మరిది కూడా గుసగుసగా అడిగాడు. "ఎడమదేనా?"

మ్యూట్ నొక్కాలని తోచలేదు. ఈ ఇంట్లో ఎవరన్నా పిలిస్తే ముందు నా నోరు పలుకుతుంది, బుర్ర తర్వాత అందుకుంటుంది. అంతలా అలవాటైపోయింది.

"ఎడమదే. కాస్త పైకెత్తి గట్టిగా లాగండి, వచ్చేస్తుంది" అన్నాను.

రెండుచోట్లా వచ్చేసింది. ఇక్కడ సొరుగు మొత్తం ఊడి అత్తయ్య చేతుల్లోకి, అక్కడ రిబ్బన్ తెగి మరిది చేతిలోకి.

"అయ్యయ్యో! ఎందుకు లాగావు?" అని అరిచాను.

మరిది అంతకన్నా గట్టిగా, హాలంతా మార్మోగేలా అరిచాడు. "నువ్వేగా వదినా లాగమన్నావ్!"

"ఎవరితో మాట్లాడుతున్నారు మీరు?" అంది మేడమ్. మరిది కంగారులో ఇయర్‌ఫోన్ వైరు ఫోన్లోంచి పీకేశాడు. తమ్ముణ్ణి కాపాడాలని మా ఆయన చటుక్కున లేచి, అలవాటు కొద్దీ అనేశాడు. "అది మావాడండీ. లోపల ఉంటాడు."

అన్నాక ఆయనకే అర్థమైనట్టుంది. మేడమ్ మరిది జేబులోంచి ఫోన్ బయటికి తీసి మొహానికి ఎదురుగా పెట్టుకుంది. నాకు ఆవిడ మొహం కనపడింది. ఆవిడకి నేనూ, నా వెనక సొరుగుని చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డ అత్తయ్యా కనపడి ఉంటాం.

"ఆ మావాడు మీరేనా?"

ఆవిడ భుజం వెనక మా ఆయన ఉన్నాడు. కోప్పడటం లేదు. చెయ్యి కొంచెం ఊపి, వద్దు, వద్దు, అంటున్నాడు కళ్ళతో. పాపం అనిపించింది. ఎవరి భార్యనో, ఎవరి చెల్లెలినో అని ఏదో ఒకటి చెప్పి దాటవేయొచ్చు, నా నోటికది కొత్త కాదు. కానీ అలా పాపం పాపం అనుకుంటూనే ఇన్నాళ్ళూ తెర వెనక కూర్చున్నాను కదా అని కూడా అనిపించింది.

"అవునండీ. మావాడిని నేనే" అన్నాను.

"రిబ్బన్ ఎందుకు తెగింది?"

"కత్తెర కోసమండీ" అన్నాను. ఆవిడకేం అర్థమైందో గానీ నా వెనక సొరుగు వైపు కాసేపు చూసింది. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "చేసే మనిషిని దాచిపెట్టి వేరే మనిషిని కూర్చోబెడితే మా మార్కుల్ని ఎవరు నమ్ముతారండీ? వచ్చే వారం ఆవిడే రావాలి. లేదంటే ఇక మీ షాపు సంగతి వదిలేస్తాం" అని ఫోన్ పెట్టేసింది.

ఇంటికొచ్చాక పంచాయితీ నడిచింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, మా ఇంట్లో ఆ పిడికిళ్ళన్నీ నా ఒళ్ళోనే పోశారు. "మ్యూట్ నొక్కి మాట్లాడాలని తెలీదూ?" అన్నాడు మా ఆయన. "నేనడిగింది కత్తెర. నాకేం తెలుసు?" అన్నారు అత్తయ్య. నేను మరిదినే అడిగాను.

"నేను నిన్నెప్పుడన్నా లాగండి అన్నానా? లాగు అంటాను, తియ్యి అంటాను. ఆ 'అండి' ఎవరికో నీకు తెలియలేదా?"

మరిది తల గోక్కున్నాడు. "నలుగురి ముందు కదా వదినా. మర్యాద ఇస్తున్నావేమో అనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను, కళ్ళ నీళ్ళొచ్చేదాకా. అందులో కొన్ని నవ్వువి కావు. నన్ను ఇంట్లో ఏమే, ఒసేయ్, వదినా, కోడలా అన్నారు, షాపులో వాడు అన్నారు. ఒక్క 'అండి' పొరపాటున తన మీద పడితే ఇతను దాన్ని నిజమనుకుని హక్కుగా అందుకున్నాడు. ఎవరైనా నన్ను అండీ అంటే నేను వెనక్కి తిరిగి చూస్తాను, నా వెనక ఎవరున్నారా అని.

నా నవ్వు ఆగేదాకా చూసి మా ఆయన మెత్తబడ్డ గొంతుతో అన్నాడు. "సరేలే, అయిందేదో అయింది. వెళ్ళకు. నాలుగు రోజులైతే అందరూ మర్చిపోతారు."

"వెళ్తున్నానండీ" అన్నాను.

"మరి ఆ పూట షాపుకొచ్చే ఫోన్లు? వాటి సంగతేంటి?"

"లోపల మావాడున్నాడుగా. వాడు చూసుకుంటాడు" అన్నాను.

నేను ఆ వారమంతా సొరుగుని బాగుచెయ్యలేదు, గోడకి ఆనించి అలాగే వదిలేశాను. కత్తెర అందరికీ కనపడుతూనే ఉంది.

సంఘం వాళ్ళ హాల్లో కుర్చీ మెత్తగా ఉంది. నేను వెళ్ళేసరికి ఇంజనీర్లు గాజుబొమ్మకి మార్కులు తగ్గించే ఆలోచనలో ఉన్నారు, పోయినసారి రిబ్బన్ తెగింది కాబట్టి. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. ఫోన్ ఏం చేసిందండీ పాపం!" అన్నాను. వాళ్ళు నవ్వారు, నేను భయపడ్డ ఎగతాళి నవ్వు కాదు, మామూలు నవ్వే. అదే రకంది ఇంకో కొత్తది నా ముందు పెట్టారు. మేడమ్ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

వేడి పెట్టాను. రేకు దూర్చాను. ఏ చప్పుడూ లేదు. ఎవరూ నా వీపు రాసుకుని వెళ్ళలేదు. అయినా నా వీపు ఎదురుచూస్తూనే ఉంది, ఇదిగో పిలుస్తారు, ఇప్పుడు పిలుస్తారు అని. డిస్‌ప్లే లేచింది. ఎడమవైపు రిబ్బన్, దాని చివర నల్ల గడియ. గోటితో ఎత్తాను. రిబ్బన్ దానంతటదే వచ్చి నా వేలి మీద పడుకుంది. ఇంత తేలికైన పనికా అంత గొడవ జరిగింది అనుకున్నాను. లోపల చూశాను. ఎవరి చెయ్యీ పడని చోటు, ఎక్కడిదక్కడే ఉంది. ఎంతసేపు చూశానో నాకు తెలియదు, ఎవరూ తొందరపెట్టలేదు.

"మంచి ఫోనేనండీ" అన్నాను చివరికి. "జిగురు కాస్త తగ్గిస్తే ఇంకా బాగుండేది."

"దీన్ని రిపేరు చెయ్యాలంటే ఏమేం కావాలో చెప్పండి, రాసుకుంటాను" అంది మేడమ్.

"వేడి చేసేది. ప్లాస్టిక్ రేకు. చిన్న స్క్రూడ్రైవర్. ట్వీజర్."

"ఇంకా?"

"గడియ."

"రిబ్బన్‌ది రాశానండీ."

"అది కాదండీ. తలుపుది. లోపల్నుంచి వేసుకునేది."